ఆటే కొలువు: మహమ్మద్ హబీబ్ పనితనం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కుర్రాళ్ళకు ఇవాళ ప్రపంచ ఫుట్‌బాల్ అంతా అరచేతిలో ఉంది. స్విట్జర్లాండ్ మిడ్‌ఫీల్డర్ గ్రానిత్ జాకా సొంతూరి క్లబ్ బాసెల్‌లో మొదలై, జర్మనీలో బొరుసియా మోన్‌షెన్‌గ్లాడ్‌బాక్, లండన్‌లో ఆర్సెనల్, మళ్ళీ జర్మనీలో బేయర్ లెవర్‌కూసెన్ మీదుగా 2025లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌కు చేరిన దారి కొందరికి కంఠతా వచ్చు. 2023-24లో లెవర్‌కూసెన్ జర్మనీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయినప్పుడు జట్టు నడుమ నిలబడి ఆట నడిపింది జాకాయే అని కూడా చెప్పగలరు. సంతోషించాల్సిన విషయమే. కానీ కోదాడలో బస్సెక్కి సూర్యాపేట మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి వెంట పోతే వచ్చే హైదరాబాద్‌లో పుట్టి, దేశంలోని మూడు పెద్ద క్లబ్బుల జెర్సీలూ తొడిగి, పద్దెనిమిదేళ్ళు మైదానం నడుమ ఆట నడిపిన మహమ్మద్ హబీబ్ పేరు మాత్రం వాళ్ళలో చాలామంది వినలేదు. ఈ వ్యాసం ఆయన గురించి. ముఖ్యంగా ఆయన పనితనం గురించి.

హబీబ్ 1949 జూలై 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఇంట్లో ఫుట్‌బాల్ ఒక్కరి సరదా కాదు, అన్నదమ్ములంతా ఆటగాళ్ళే. అన్న ఆజం, తమ్ముడు అక్బర్ పెద్ద క్లబ్బులకు ఆడినవాళ్ళు. తర్వాతి రోజుల్లో కలకత్తా అభిమానులు హబీబ్‌ను 'బడే మియా' అని, అక్బర్‌ను 'ఛోటే మియా' అని పిలుచుకున్నారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడిని ఇంటి పెద్దను పిలిచినట్టు పిలవడం ఆ నగరం అందరికీ ఇచ్చే గౌరవం కాదు.

ఆయన పనితనం అర్థం కావాలంటే ముందు ఆయన పెరిగిన బడి తెలియాలి. 1950వ దశకంలో భారత ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ ఒక రాజధాని. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం సాహెబే కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకు ఈ కథ కొంత తెలుసు. సినిమాలో అంతగా కనిపించనిది ఆయన పాఠం చెప్పిన తీరు. కుర్రాళ్ళకు ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ ఎదుటివాణ్ణి దాటిపోవడం అక్కడ కుదరదు. బంతి అందగానే ఇంకొకడికి ఇవ్వాలి. బలం తక్కువ ఉన్న కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తంటాలు పడాలి.

ఈ నిబంధనలు కుర్రాడి ఆటను ఎలా మారుస్తాయో ఆలోచించండి. బంతి కాలికి తగిలాక ఎటు ఇవ్వాలా అని చూసేవాడికి అక్కడ చోటు లేదు. బంతి దారిలో ఉండగానే తల తిప్పి ఎడమ పక్క ఎవరున్నారు, వెనక నుంచి ఎవరు మీదకొస్తున్నారు, ముందు ఖాళీ ఎక్కడుంది అని చూసి పెట్టుకోవాలి. కాలు చేసే పని కన్నా కన్ను చేసే పని ముందు జరగాలి. రెండు కాళ్ళూ ఒకే తీరుగా పలికితే శరీరాన్ని సర్దుకోవడానికి పట్టే అర క్షణం మిగులుతుంది. నడుమ ఆడేవాడికి ఆ అర క్షణమే ఆస్తి. రహీం 1963లో కన్నుమూసేనాటికి హబీబ్ ఇంకా బాలుడే. కానీ ఆ అలవాట్లు అప్పటికే హైదరాబాద్ మైదానాలన్నిటా నాటుకుపోయాయి. తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, ఆ తర్వాత సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అంతా ఆ నేల మీద ఎదిగినవాళ్ళే. హబీబ్ ఆటలోనూ ఆ ముద్ర చెక్కుచెదరలేదు.

నడుమ ఆడేవాడి పని మన ప్రాంతం వాళ్ళకు సులువుగా చెప్పవచ్చు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద తూము దగ్గర లష్కర్ ఉంటాడు. ఏ పిల్లకాలువకు ఎప్పుడు, ఎంత నీరు వదలాలో అతని చేతిలో ఉంటుంది. పంట పండిన రోజున అతని పేరు ఎవరికీ గుర్తుకు రాదు. వంతు తప్పితే మాత్రం మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా చివరి భూముల రైతు అల్లాడిపోతాడు. మిడ్‌ఫీల్డర్ పని అదే. రక్షకుల దగ్గరి నుంచి బంతి తీసుకుని, ఆట ఎటు పారాలో తేల్చి, తగిన వేగంతో వదలడం. చివర గోల్ కొట్టినవాడి బొమ్మ పత్రికలో పడుతుంది.

హబీబ్ ఈ పనికి ఇంకో బరువు కూడా ఎత్తుకున్నారు. ఆ కాలంలో పెద్ద జట్లు వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అన్న పద్ధతిలో ఆడేవి. నడుమ ఇద్దరే అంటే మైదానంలో అన్నిటికన్నా పెద్ద ఖాళీని ఇద్దరే కాయాలి. అందుకే ముందున్న నలుగురిలో ఒకడు దిగివచ్చి వాళ్ళకు తోడు నిలవాలి, బంతి దక్కగానే మళ్ళీ గోల్ ముందుకు చేరాలి. హబీబ్ ఆ ఒకడు. కాగితం మీద ఫార్వర్డ్, మైదానంలో మిడ్‌ఫీల్డర్. ఇలాంటివాడు మ్యాచ్ పొడవునా రెండు ఉద్యోగాలు చేస్తాడు. ఊపిరి చాలక ఒక్కసారి వెనక్కి రావడం మానేస్తే ప్రత్యర్థి నడుమ నుంచి తోసుకుపోతాడు. ఒక్కసారి ముందుకు వెళ్ళడం మానేస్తే వింగ్ నుంచి వచ్చిన బంతికి గోల్ ముందు దిక్కుండదు.

ఒక కదలికను దగ్గరగా చూద్దాం. ఎడమ పక్క హాఫ్‌బ్యాక్ దగ్గర బంతి ఉంది. ముందున్న మనిషి గోల్‌కు వీపు పెట్టి నాలుగడుగులు కిందికి దిగుతాడు. అతన్ని కాపలా కాస్తున్న రక్షకుడికి అక్కడే చిక్కు వస్తుంది. వెంట వస్తే తన వెనక ఖాళీ పడుతుంది, రాకపోతే దిగినవాడు తీరిగ్గా బంతి అందుకుంటాడు. రక్షకుడు వెంట వచ్చాడనుకోండి. దిగినవాడు బంతిని ఆపడు. పాదం లోపలి అంచుతో ఒకే తాకుడులో పక్కనున్న తోటివాడికి ఇచ్చి, అదే ఊపులో తిరిగి రక్షకుడు వదిలి వచ్చిన ఖాళీలోకి పరుగెత్తుతాడు. రెండో పాస్ ఆ ఖాళీలో పడుతుంది. మొత్తం మూడు తాకుళ్ళు. ఇందులో బంతితో చేసిన విన్యాసం ఏమీ లేదు. ఉన్నదంతా ముందుచూపు, సమయం, ఇచ్చిన వెంటనే ఆగకుండా కదలడం. మూడోది అన్నిటికన్నా కష్టం. పాస్ ఇచ్చాక నిలబడి చూడాలనిపించడం మానవ సహజం. హబీబ్‌ను చూసినవాళ్ళు, ఆయనతో ఆడినవాళ్ళు ముందుగా చెప్పుకునేది ఆ నిలబడని గుణాన్నే. మనిషి పొట్టి. కండబలంతో ఎవరినీ నెట్టేసే దేహం కాదు. కాబట్టి ఢీకొట్టే చోటికి ఎదుటివాడి కన్నా ముందే చేరి బంతిని పంపించేసేవారు. పోయిన బంతి కోసం తానే వెంటపడి ట్యాకిల్ చేసేవారు. ఫార్వర్డ్ అన్నవాడు వెనక్కి పరుగెత్తి బంతి లాక్కోవడం నామోషీ అనుకునే రోజుల్లో ఆయన దాన్ని తన ఆటకు ఆయువుపట్టుగా చేసుకున్నారు.

ఆ ఆట అందరి కంటా పడింది రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీతో, 1965-66లో. కొల్లంలో జరిగిన ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌తో మొదట డ్రా చేసుకుంది. మళ్ళీ ఆడి గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ ట్రోఫీ దక్కింది అప్పుడే. ఆ జట్టులో హబీబ్ ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు. ఓడిపోయిన బెంగాల్ అతన్ని వదిలిపెట్టలేదు. 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ ఎరుపు, బంగారు రంగుల జెర్సీ అందించి కలకత్తాకు తీసుకుపోయింది. ఆ క్లబ్‌కు దక్షిణాది ఆటగాళ్ళు కొత్త కాదు. అంతకు పదిహేనేళ్ళ ముందు అప్పారావు, వెంకటేష్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు ఫార్వర్డ్‌లను అక్కడి జనం పంచపాండవులని కొలిచారు.

కలకత్తా లీగ్ వానాకాలపు ఆట. హైదరాబాద్‌లో ఎండకు గట్టిపడ్డ నేల మీద బంతి జారిపోతూ పరుగెత్తుతుంది. కలకత్తా మైదాన్‌లో జూలై వస్తే గడ్డి కింద బురద తేలుతుంది. పాస్ సగం దారిలో ఆగిపోతుంది, తిరగబోయిన కాలు జారుతుంది. అక్కడ బంతిని ఎంత గట్టిగా తోయాలో, ఎక్కడ నేల మీద ఇవ్వాలో, ఎక్కడ కాస్త పైకి లేపి ఇవ్వాలో కొత్తగా నేర్చుకోవాలి. మెతక నేల మీద పరుగు రెట్టింపు అలుపు తెస్తుంది. హైదరాబాద్ నేర్పిన కన్నుకు కలకత్తా బురద ఊపిరి నేర్పింది. ఆ రెండూ కలిసినప్పుడే మనం చెప్పుకునే హబీబ్ తయారయ్యారు.

గోల్ ముందు ఆయన ఎంత కచ్చితమైనవారో చెప్పడానికి 1969 సంతోష్ ట్రోఫీ చాలు. అస్సాంలోని నౌగాంగ్‌లో జరిగిన ఆ పోటీలో ఈసారి ఆయన బెంగాల్ తరఫున ఆడారు. ఫైనల్లో సైనిక దళాల జట్టు సర్వీసెస్‌ను బెంగాల్ 6-1తో చిత్తు చేసింది. ఆ ఆరింటిలో ఐదు గోల్స్ హబీబ్‌వే. పోటీ మొత్తం మీద పదకొండు. ఆట నడిపేవాడు ఇన్ని గోల్స్ కొట్టడంలో ఆశ్చర్యం లేదు. చివరి పాస్ ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలిగినవాడు అక్కడికి ముందే చేరగలడు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చుకుంది. కెప్టెన్ మన హైదరాబాద్ నయీముద్దీన్. ఆ జట్టులో హబీబ్ కీలకం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం రాలేదు.

క్లబ్ జీవితంలో ఆయనకు నిండు పంట కాలం 1970 నుంచి 1974 దాకా ఈస్ట్ బెంగాల్‌లో గడిచిన ఐదేళ్ళు. 1970లో మొదలుపెట్టి ఆ క్లబ్ వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగ్ గెలిచింది. మొదటి ఐదింటిలో హబీబ్ ఉన్నారు. 1970 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ క్లబ్‌ను పరిమళ్ డే కొట్టిన ఒక్క గోల్‌తో ఓడించారు. 1972లో పి.కె. బెనర్జీ కోచ్‌గా వచ్చిన ఏడాది లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఏడాదే షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు కూడా ఆ క్లబ్ చేతికి వచ్చాయి. 1973 షీల్డ్ ఫైనల్లో ఉత్తర కొరియా నుంచి వచ్చిన ప్యాంగ్‌యాంగ్ జట్టును 3-1తో ఓడించారు. ఒక్క గోల్ కూడా ఇవ్వని లీగ్‌ను మనం గోల్‌కీపర్, రక్షకుల ఖాతాలో వేస్తాం. వాళ్ళ ఘనత వాళ్ళకు ఉంది. కానీ గోల్ దగ్గరికి బంతి రాకుండా నడుమనే లాక్కునే మనుషులు లేకపోతే ఏ రక్షణా సీజనంతా నిలవదు. ముందు వరుస నుంచి వెనక్కి పరుగెత్తిన హబీబ్ లాంటివాళ్ళ చెమట ఆ లెక్కలో ఉంది.

1975లో మహమ్మడన్ స్పోర్టింగ్‌కు వెళ్ళారు. 1976లో మోహన్ బగాన్‌కు, తమ్ముడు అక్బర్‌తో కలిసి. ఆ ఏడాది లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద అక్బర్ పదిహేడో సెకనులోనే గోల్ కొట్టాడు. ఆరేళ్ళుగా ఈస్ట్ బెంగాల్ గుప్పిట్లో ఉన్న లీగ్ టైటిల్ మోహన్ బగాన్‌కు వచ్చింది.

ఇక 1977 సెప్టెంబర్ 24. ఆ రోజు ఈడెన్ గార్డెన్స్‌లో న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ ఆడింది. కాస్మోస్ జట్టులో పీలే ఉన్నాడు. 1970 ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్ కెప్టెన్ కార్లోస్ ఆల్బర్టో ఉన్నాడు. ఇటలీ స్ట్రైకర్ జార్జియో కినాలియా ఉన్నాడు. వానకు మైదానం తడిసి చిత్తడిగా ఉంది. పీలేను కనిపెట్టుకుని ఉండే పని గౌతమ్ సర్కార్‌కు అప్పగించారు. మొదటి గోల్ కార్లోస్ ఆల్బర్టోది. శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ గోల్ కొట్టి మోహన్ బగాన్‌ను 2-1తో ముందుకు తీసుకుపోయారు. చివరికి కినాలియా పెనాల్టీతో స్కోరు 2-2 అయింది. వారం తిరగ్గానే, అక్టోబర్ 1న, పీలే తన ఆఖరి మ్యాచ్ ఆడి ఆటకు వీడ్కోలు చెప్పాడు.

ఈ మ్యాచ్‌ను పీలే వచ్చిన రోజుగానే గుర్తుంచుకుంటారు. ఆట వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఎదుట ప్రపంచ విజేతలు ఉన్నప్పుడు చిన్న జట్టు వెనక్కి ముడుచుకుపోతుంది. నడుమవాళ్ళు ఏ ఇద్దరైనా భయపడి దిగిపోతే జట్టంతా తన గోల్ ముందే గుమిగూడుతుంది. మోహన్ బగాన్ అలా ముడుచుకోలేదు. వెనకబడ్డాక సమం చేసింది, సమం చేశాక ముందుకెళ్ళింది. ఆ ధైర్యానికి హబీబ్ గోల్ రుజువు. కొద్ది రోజులకే శ్యామ్ థాపా గోల్‌తో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి మోహన్ బగాన్ షీల్డ్ గెలిచింది. ఆ సీజన్లో డ్యూరాండ్, రోవర్స్ కూడా తెచ్చుకుంది. మరుసటి ఏడాది షీల్డ్‌ను సోవియట్ ఆర్మేనియా క్లబ్ అరరాత్ ఎరవాన్‌తో పంచుకుంది.

1979లో మళ్ళీ మహమ్మడన్. 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. ఆ ఏడాది చాలామంది ఆటగాళ్ళు విడిచిపోయి ఆ క్లబ్ ఖాళీ అయింది. ఇరాన్ కుర్రాళ్ళు మజీద్, జంషీద్ వచ్చి చేరారు. ముప్పై దాటిన హబీబ్ ఆ పడుచువాళ్ళ మధ్య పెద్దదిక్కుగా నిలిచారు. ఆ జట్టే ఫెడరేషన్ కప్‌ను మోహన్ బగాన్‌తో కలిసి గెలుచుకుంది. అర్జున అవార్డు కూడా 1980దే. 1982 నుంచి 1984 దాకా మళ్ళీ మోహన్ బగాన్‌లో ఆడి ఆపేశారు.

ఒకరితో ఒకరికి పడని మూడు క్లబ్బుల మధ్య ఇన్నిసార్లు మారిన మనిషిని మూడు చోట్లా అభిమానులు గుండెల్లో పెట్టుకున్నారు. కారణం ఒక్కటే. ఏ జెర్సీ వేసుకున్నా ఆయన పరుగు తగ్గలేదు. ఇక్కడే హబీబ్ చరిత్రలో అన్నిటికన్నా విలువైన సంగతి ఉంది. ఆ రోజుల్లో పెద్ద ఆటగాళ్ళకు రైల్వేలో, బ్యాంకులో, పోలీసులో, కస్టమ్స్‌లో ఉద్యోగం ఉండేది. ఆట అయిపోయాక కూడా జీతం, పింఛను వస్తాయన్న భరోసా అది. మధ్యతరగతి ఇంటికి అంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది? ఉద్యోగాలు ఇస్తామని వచ్చినా హబీబ్ తీసుకోలేదు. ఫుట్‌బాల్ ఒక్కటే తన పని అన్నారు. అందుకే ఆయన్ని దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. ఏజెంట్లు, ఒప్పందాలు, ఫిట్‌నెస్ నిపుణులు వెంట ఉండి జాకా లాంటివాడు ఇవాళ గడిపే జీవితాన్ని, అవేమీ లేని కాలంలో, లేని దేశంలో, క్లబ్ మెస్ గదిలో ఉంటూ ఆయన ఒంటిచేత్తో కట్టుకున్నారు. తిండి, నిద్ర, సాధన అన్నీ ఆట చుట్టూనే. మెస్‌లో కుర్రాళ్ళు మ్యాచ్‌ను తేలిగ్గా తీసుకుంటే ఊరుకునేవారు కాదు. క్రమశిక్షణ ఆయనకు ఉపన్యాసం కాదు, బతుకుతెరువు.

ఆట ముగిశాక జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, తర్వాత హల్దియాలోని ఐఎఫ్ఏ అకాడమీలో పిల్లలకు నేర్పారు. చివరి ఏళ్ళు హైదరాబాద్‌లో జబ్బుతో గడిచాయి. 2023 ఆగస్టు 15న, 74 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కలకత్తా పత్రికలు తమ సొంత మనిషి పోయినట్టు రాశాయి.

ఈ కథ మన మూడు ఊళ్ళకు ఎందుకు? సూర్యాపేట 2021లో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు వేదికైన ఊరు. ఆటల మీద మమకారానికి ఇక్కడ కొదవ లేదు. ఫుట్‌బాల్‌లో కూడా తెలంగాణ దారి మూసుకుపోలేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్ళింది. తర్వాత 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. హబీబ్ వేసుకున్న ఎరుపు, బంగారు రంగుల జెర్సీయే అది.

మన హైస్కూళ్ళ, జూనియర్ కాలేజీల పీఈటీలకు నా విన్నపం ఇది. పెద్ద స్టేడియం కోసం ఎదురు చూడకండి. వారంలో ఒక సాయంత్రం డ్రిబ్లింగ్ లేని ఆట పెట్టండి. ఇంకో సాయంత్రం ఎడమ కాలితోనే ఆడించండి. పాస్ ఇచ్చి నిలబడిపోయిన పిల్లవాడిని పిలిచి మళ్ళీ పరుగెత్తించండి. వీటికి ఒక బంతి, కాస్త ఖాళీ చోటు చాలు. మహమ్మద్ హబీబ్‌ను తయారు చేసిన బడిలో ఉన్న సామాను కూడా అంతే.